అకిలీస్ కట్టిన కట్టు: ఏథెన్స్ ఎరుపు బొమ్మల పద్ధతిలో ఒక పళ్లెం తయారీ

మే, మూడవ వారం: దృశ్యం ఎంపిక

క్రీ.పూ. 500 ప్రాంతంలో ఏథెన్స్‌లో తయారై, ఇటలీలోని వుల్చి దగ్గర దొరికి, ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉన్న, సోసియాస్ అనే కుమ్మరి పేరుతో పిలిచే సోసియాస్ పాత్ర లోపలి దృశ్యాన్ని, ఆనాటి పనివారి పద్ధతికి వీలైనంత దగ్గరగా, మట్టి మీద మట్టితోనే చిత్రించి కాల్చాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ద్రాక్షసారా తాగడానికి వాడిన ఈ రకం పాత్రను కైలిక్స్ అంటారు; ఒంటికాలి పీట మీద నిలిచి, వెడల్పుగా, లోతు తక్కువగా, రెండు చెవులతో ఉంటుంది. సోసియాస్ పాత్ర వ్యాసం 32 సెంటీమీటర్లు. అంత వెడల్పున్న పాత్రను సారె మీద అంత పలుచగా తీయడం వేరే విద్య కనుక దాని జోలికి పోకుండా, నడుమ కొద్దిగా గుంట ఉన్న పళ్లేలు చేసి వాటి మీదనే బొమ్మ వేయాలని నిర్ణయించుకున్నాను.

ట్రాయ్ యుద్ధంలో బాణం దెబ్బ తిన్న పట్రోక్లస్ చేతికి అతని మిత్రుడు అకిలీస్ కట్టు కట్టడమే ఆ దృశ్యం. ఇద్దరి పేర్లూ పక్కనే రాసి ఉన్నాయి కనుక వారెవరన్న సందేహం లేదు, కానీ ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్‌లో ఈ ఘట్టం ఎక్కడా రాదు. పట్రోక్లస్ తన డాలు మీదనే కూర్చుని, గాయపడిన ఎడమ చేతిని మిత్రుడికి అప్పగించి, తలను మాత్రం అవతలికి తిప్పుకున్నాడు. కొద్దిగా తెరిచిన పెదవుల మధ్య పళ్లు తెల్లగా కనిపిస్తాయి. కవచపు భుజం పట్టీ ఒకటి ముడి ఊడి నిటారుగా లేచి నిలబడింది. తీసేసిన బాణం పక్కన ఉంది. పట్రోక్లస్‌కు గడ్డం ఉంది, అకిలీస్‌కు ఇంకా రాలేదు. ఇద్దరిలో పట్రోక్లస్ పెద్దవాడని ఇలియడ్‌లో ఉన్న మాటను చిత్రకారుడు మరచిపోలేదు.

ఎరుపు బొమ్మల పాత్రల మీద యుద్ధాలకు కొదవ లేదు. కత్తి ఎత్తినవాడూ కింద పడినవాడూ ఒకే మూసలో వందల పాత్రల మీద కనిపిస్తారు. నిజం చెప్పాలంటే కొన్నింటిని చూశాక మిగిలినవాటిని కళ్లు దాటేస్తాయి. దెబ్బ తగిలిన తరువాతి క్షణాన్ని, అందులోనూ నొప్పిని బయటపెట్టకూడదనుకునే మనిషి మొహాన్ని పట్టుకున్నవి చాలా తక్కువ. ఆ మొహం ఈ పద్ధతిలో ఎలా సాధ్యమైందో, అంతకుముందున్న పద్ధతిలో ఎందుకు కష్టమో చేతులతో చేసి తెలుసుకోవాలని నా కోరిక.

జూన్ మొదట్లో: మన్ను తేర్చడం

అంతకుముందున్న పద్ధతి నలుపు బొమ్మలది. ఎర్రటి పాత్ర మీద మనుషులను నల్లటి ఆకారాలుగా పూసి, కండరాలు, మడతలు, వెంట్రుకలు వంటి వివరాలన్నీ సూదిమొనతో గీకి తీసేవారు. క్రీ.పూ. 525 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఎవరో దీన్ని తిరగేశారు: బొమ్మను మట్టి రంగులోనే వదిలి, చుట్టూ ఉన్న ఖాళీని నలుపు చేశారు. ఈ మార్పును సాధారణంగా ఆండొకిడీస్ చిత్రకారుడు అనే పేరుతో ముడిపెడతారు. ఆండొకిడీస్ అన్నది కుమ్మరి పేరు. అతని దగ్గర బొమ్మలు వేసిన మనిషి సొంత పేరు మనకు దక్కలేదు. ఒక వైపు పాత పద్ధతి, రెండో వైపు కొత్త పద్ధతి ఉన్న పాత్రలు కూడా ఆ రోజుల్లో వచ్చాయి. గ్రీకు పురాణ వీరుడు హెరాక్లీస్ పానుపు మీద పడుకుని ఉన్న దృశ్యం రెండు వైపులా రెండు పద్ధతుల్లో ఉన్న మ్యూనిక్ పాత్ర వాటిలో అందరికీ తెలిసినది.

ఈ నలుపును రంగు అనడం సరికాదు. పాత్ర ఏ రకం మన్నుతో చేస్తారో, అటువంటి ఇనుము గల మన్నునే నీటిలో కలిపి తేర్చి, అతి సూక్ష్మమైన రేణువులను మాత్రం వేరు చేస్తే వచ్చే పూత అది. స్టూడియోలలో దీన్ని స్లిప్పు అంటారు కనుక ఇక్కడా అదే మాట వాడతాను. నగర శివారులో కుండలు చేసే ఒక కుటుంబం దగ్గర కొన్న బంకమన్నును ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, ఎత్తైన గాజు జాడీలో పలుచగా కలిపాను. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా తేలడానికి సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ అనే రసాయనం చిటికెడు వేయడం నేటి పద్ధతి. ప్రాచీనులు బూడిద నీటిని వాడి ఉండవచ్చునని ఒక ఊహ ఉంది. కదపకుండా ఉంచితే ఇసుక, ముతక మన్ను అడుగుకు దిగుతాయి, పైన మబ్బు నీరు మిగులుతుంది. అడుగు కలవకుండా రబ్బరు గొట్టంతో ఆ పై నీటిని మాత్రం లాగి, వెడల్పాటి పళ్లెంలో ఆరబెడితే చివరికి మీగడ చిక్కదనానికి వస్తుంది.

నీటి విషయంలో ఒక మాట రాసి ఉంచుకోవాలి. మా ఇంటి బోరు నీటిలో సున్నం పాలు ఎక్కువ. ఆ నీటితో కలిపిన జాడీలో మన్ను ముద్దలు కట్టి మొత్తం అడుగుకు చేరింది, పైన తేట నీరే మిగిలింది. వాన నీటితో కలిపిన జాడీలో మబ్బు నిలిచింది. తొలకరి సమయానికి పడటం ఈ పనికి బాగా కలిసివచ్చింది.

జూన్ చివర: బొమ్మ దింపడం

పళ్లెం కొంచెం గట్టిపడి, ఇంకా పచ్చిగా ఉండగానే రాయితో నునుపు చేసి, జేగురు నీళ్లు పలుచగా పూశాను. కాలిన తరువాత ఎరుపు నిండుగా రావడానికి ఏథెన్స్ పనివారు కూడా జేగురు పూత ఇచ్చేవారు. తరువాతిది ముసాయిదా గీత. ప్రాచీన పాత్రలకు పక్క నుంచి దీపం పెట్టి చూస్తే మొద్దు పుల్లతో నొక్కిన సన్నటి గాడులు చాలావాటి మీద కనిపిస్తాయి. చేయి ముందు ఒకచోట అనుకుని తరువాత మరొకచోటికి జరిపిన ఆనవాళ్లు కూడా వాటిలో దొరుకుతాయి. పచ్చి మన్ను ఏదీ మరచిపోదు కనుక అవి ఇన్ని శతాబ్దాలు నిలిచాయి.

ఇక్కడ ఎక్కువ రోజులు పట్టింది, కారణం వృత్తం. ఇద్దరు మనుషులను గుండ్రటి చట్రంలో ఇరికించాలంటే ఎవరో ఒకరు వంగాలి. సాధారణ చిత్రకారులు ఈ లెక్కను ఒంటి మనిషితో తేలుస్తారు. పరుగెత్తేవాడో, పాత్ర ఎత్తి తాగేవాడో ఒకడే ఉంటాడు. సోసియాస్ దగ్గర పనిచేసిన ఈ చిత్రకారుడు ఆ బిగువునే కథకు వాడుకున్నాడు. పట్రోక్లస్ చాచిన కాలి పాదం వలయం అంచును తన్నిపట్టి ఉంటుంది. ట్రేసింగు కాగితం మీద ఆ కాలిని కొద్దిగా ముడిచి, అంచుకు తగలకుండా వేసి చూశాను. బొమ్మ అందంగానే ఉంది గానీ నొప్పి పోయింది, కాళ్లు చాపుకుని తీరికగా కూర్చున్నవాడిలా మారిపోయాడు. మొహంలో దాచుకున్నదంతా ఆ పాదంలో బయటపడుతోందని అప్పుడు అర్థమైంది. పుస్తకంలోని ఫొటోలో ఈ సంగతి నేను ఎన్నడూ గమనించలేదు, ఎందుకంటే చూపు ఎప్పుడూ కట్టు దగ్గరే ఆగుతుంది.

జూలై: గీత

ఎరుపు బొమ్మల పద్ధతికి ప్రాణం గీతలో ఉంది. మూడు రకాల గీతలు కావాలి. మొదటిది ఉబ్బు గీత: చిక్కటి స్లిప్పుతో వేసేది, వేలితో తడిమితే తగిలేది, కాలిన తరువాత దట్టమైన నలుపుతో మెరిసేది. మొహం అంచు, కనురెప్ప, వేళ్లు, చీలమండ, బట్ట మడతలు దీనితోనే వస్తాయి. రెండోది నీళ్లు కలిపిన స్లిప్పు గీత. ఇది కాలిన తరువాత తేనె రంగు నుంచి గోధుమ రంగు వరకు వస్తుంది, కండరాలకు, మెత్తటి వెంట్రుకలకు వాడతారు. మూడోది నేపథ్యం నింపే ముందు బొమ్మ చుట్టూ కుంచెతో వేసే మూడు నాలుగు మిల్లీమీటర్ల పట్టీ.

ఉబ్బు గీతను ఏ పనిముట్టుతో వేసేవారన్నది ఇప్పటికీ తేలని తగువు. కొనకు రంధ్రం ఉన్న తిత్తి లాంటి సాధనంతో పిండేవారని కొందరు, ఒకటి రెండు పొడవాటి వెంట్రుకలను స్లిప్పులో ముంచి పాత్ర మీద పరిచి లేపేవారని మరికొందరు అంటారు. రెండూ ప్రయత్నించాను. తిత్తికి బదులు గోరింటాకు కోను ఖాళీది తీసుకుని, కొనను వీలైనంత సన్నగా కత్తిరించి స్లిప్పు నింపాను. గీత ఉబ్బుగానే వస్తుంది, కానీ మొదలులోనూ చివరలోనూ చిన్న బొట్టు కడుతుంది. మలుపు తిరిగేచోట లావవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనిలో వాడే కలంతో కూడా చూశాను. పలుచటి స్లిప్పుకు అది చక్కటి పనిముట్టు, కండరాల గోధుమ గీతలు దానితోనే వేశాను. చిక్కటి స్లిప్పు మాత్రం దాని గుడ్డ చుట్టలోంచి దిగదు.

వెంట్రుకల పద్ధతి మొదట చిరాకు తెప్పించి చివరికి నన్ను ఒప్పించింది. సన్నటి పుల్లకు రెండు పొడవాటి వెంట్రుకలు కట్టి, స్లిప్పులో తడిపి, ఒక కొసను మట్టికి ఆనించి, మిగిలినదాన్ని మెల్లగా వాల్చి పైకి లేపాలి. ముగ్గు వేసే చేతిలా కిందికి చూస్తూ జారవిడవడమే, నొక్కడం ఉండదు. అలా లేపిన గీత నడుమ సన్నటి గాడి, రెండు వైపులా రెండు గట్లు ఏర్పడతాయి. ప్రాచీన పాత్రల మీది ఉబ్బు గీతలను సూక్ష్మదర్శినిలో పెట్టి తీసిన ఫొటోలలో కొన్నింటికి సరిగ్గా అటువంటి గాడి ఉంది. దీనితో తగువు తీరిపోయిందని నేను అనడం లేదు. మొదట్లో ఒక పనిముట్టు, తరువాత మరొకటి వాడి ఉండవచ్చు. కట్టు పట్టుకున్న అకిలీస్ వేళ్లకు మాత్రం కోను పనికిరాదు, వెంట్రుకే కావాలి.

పట్రోక్లస్ మొహం దగ్గర నలుపు బొమ్మల పద్ధతికీ దీనికీ ఉన్న తేడా చేతికి తెలిసింది. గీకిన గీత ఎక్కడైనా ఒకే తీరుగా పదునుగా ఉంటుంది, దానికి బరువు మార్చడం రాదు. ఇక్కడ కనుబొమకు చిక్కటి నలుపు, చెంప మీది గడ్డం మొదళ్లకు పలుచన, చేతి కండరానికి కనీకనిపించని గోధుమ రంగు, ఇన్ని స్థాయిలు ఒకే జాడీలోని స్లిప్పుతో వస్తాయి. కన్ను మరో విశేషం. అంతకుముందు పక్కనుంచి చూపిన మొహంలో కూడా కన్నును ఎదురుగా చూసినట్టే బాదం గింజ ఆకారంలో వేసేవారు. ఈ పాత్ర మీద కనుపాప ముక్కు వైపుకు జరిగింది, ఆ మూల కొద్దిగా తెరుచుకుంది. అంత చిన్న మార్పుతో చూపుకు ఒక దిక్కు వచ్చింది: అకిలీస్ చూపు కట్టు మీద, పట్రోక్లస్ చూపు దానికి దూరంగా.

ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది, దాన్నీ రాయాలి. ఒకరి మీద ఒకరు పడే మనుషులను వేస్తే ఎరుపు ఎరుపులో కలిసిపోతుంది. ఈ దృశ్యంలో అకిలీస్ మోకాలు, పట్రోక్లస్ తొడ, డాలు అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. కవచాల మీది పొలుసుల వరుసలు, అంగీ అంచున సన్నటి మడతలు వేసింది అలంకారానికని ఇంతకాలం అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే ఎవరి ఒళ్లు ఎక్కడ ముగిసిందో చెప్పడానికి అవే ఆధారం. పొలుసులు వేస్తూ ఒక వారం గడిచిపోయింది, ఆ వారం గురించి రాయవలసింది ఇంకేమీ లేదు.

జూలై చివర: నేపథ్యం, తెలుపు

బొమ్మ చుట్టూ పట్టీ వేసి, మిగిలిన ఖాళీని వెడల్పు కుంచెతో నింపాను. ఈ దశలో పళ్లేన్ని చూసినవారికి ఏమీ అర్థం కాదు. ఎర్రమన్ను మీద ఎర్రమన్ను పూత. తడి ఆరాక బొమ్మకూ నేపథ్యానికీ తేడా మెరుపులో తప్ప రంగులో పెద్దగా లేదు. ఆనాటి ఎరుపు బొమ్మల చిత్రకారుడు యూఫ్రోనియోస్ అయినా, అతనికి పోటీగా తన పాత్ర మీద “యూఫ్రోనియోస్ ఎన్నడూ ఇలా చేయలేదు” అన్న అర్థం వచ్చేట్టు రాసుకున్న యూథిమిడీస్ అయినా, తన బొమ్మను నలుపు ఎరుపుల్లో బట్టీ తెరిచిన తరువాతనే చూశాడు. గీత చెరగకుండా అంత ధైర్యంగా ఉండటానికి ఈ గుడ్డితనం కూడా ఒక కారణమేమోనని నా అనుమానం.

కట్టుకు, పళ్లకు తెలుపు వేయాలి. దానికి ఇనుము లేని తెల్లమట్టి కావాలి కనుక చైనా క్లే పలుచగా కలిపి వేశాను. ఇది స్లిప్పులా గాజు కట్టదు, పైపైనే అంటుకుని ఉంటుంది. అందుకే చాలా ప్రాచీన పాత్రల మీద తెలుపు రాలిపోయి మచ్చలు మాత్రం మిగిలాయి.

ఆగస్టు: కాల్పు

ఏథెన్స్ నలుపు వెనుక ఉన్న మూడు దశల కాల్పును 1942లో జర్మన్ రసాయనవేత్త థియోడర్ షూమన్ ప్రయోగపూర్వకంగా వివరించాడు. మొదటి దశలో బట్టీకి గాలి బాగా అందనిస్తూ 800 డిగ్రీల సెల్సియస్ వరకు తీసుకువెళ్లాలి. పాత్ర, పూత రెండూ ఎర్రగా ఉంటాయి, ఎందుకంటే ఇనుము హెమటైట్ అనే ఎర్రటి ఆక్సైడు రూపంలో ఉంటుంది. రెండో దశలో గాలిదారులు మూసి, పచ్చి కట్టెలు వేసి పొగ నింపి, వేడిని 900 దాటించాలి. ఆక్సిజన్ చాలక ఇనుము మాగ్నటైట్ అనే నల్లటి ఆక్సైడుగా మారి పాత్ర మొత్తం నల్లబడుతుంది. సూక్ష్మ రేణువుల పూత ఆ వేడికి కరిగి గాజులా మూసుకుపోతుంది. మూడో దశలో వేడి తగ్గిస్తూ మళ్లీ గాలి వదలాలి. గుల్లగా ఉన్న పాత్ర ఆక్సిజన్ పీల్చుకుని తిరిగి ఎరుపెక్కుతుంది. మూసుకుపోయిన పూతలోకి గాలి చొరదు కనుక అది నల్లగానే నిలుస్తుంది. వందో వంతు మిల్లీమీటర్లలో కొలవవలసినంత పలుచటి ఆ గాజు పొర వల్లనే మనకు ఈ బొమ్మలన్నీ మిగిలాయి.

గాలి ఉంటే ఎరుపు, పొగ ఉంటే నలుపు అన్న ఈ రసాయనం మన నేలకు కొత్త కాదు. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల బృహత్‌శిలా సమాధులలో దొరికే నలుపు-ఎరుపు కుండలు, లోపల నలుపు, బయట ఎరుపుగా ఉండేవి, ఇదే ఇనుము చేసిన పనే. తేడా ఏమిటంటే అక్కడ నలుపు ఎక్కడ రావాలో కాల్పులో కుండను బోర్లించిన తీరు నిర్ణయించింది. ఏథెన్స్‌లో కుంచె నిర్ణయించింది.

అద్దెకు తీసుకున్న చిన్న గ్యాసు బట్టీలో ముందుగా పెంకులు కాల్చాను. ఏథెన్స్ కుమ్మరుల పేటలో జరిగిన తవ్వకాలలో, కాల్పు మధ్యలో కొక్కెంతో బయటికి లాగి చూసుకోవడానికి రంధ్రం చేసిన పెంకులు దొరికాయి. నేనూ అలాగే రంధ్రాలు పెట్టి, చూపు రంధ్రానికి ఎదురుగా వరుసగా నిలబెట్టాను. పూత పలుచగా ఉన్న పెంకు మూడో దశలో తిరిగి ఎరుపెక్కింది. మరీ మందంగా ఉన్నది పొరలుగా లేచింది. మీగడ కన్నా కొంచెం పలుచగా, రెండు చేతులుగా పూసినది నల్లగా నిలిచింది. పొగ దశ తొందరగా ముగించిన కాల్పులో నలుపుకు బదులు ఇటుక రంగు మచ్చలు వచ్చాయి. మ్యూజియంలలోని అసలు పాత్రల మీద కూడా గాలి తగిలినవైపు అటువంటి ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి కనుక ఆ పెంకును పారేయకుండా దాచాను.

ఆ తరువాత పళ్లేలు పెట్టాను. పచ్చి వేప కొమ్మలు, తడిపిన రంపపు పొట్టు వేసి, పొగగొట్టం పలక మూసి, 930 దగ్గర కొంతసేపు నిలిపి, 860కి దిగాక గాలి వదిలాను. పట్రోక్లస్ పళ్లెం మీద నేపథ్యం నల్లగా, ఏథెన్స్ మెరుపుకు ఒక మెట్టు తక్కువగా, కొంచెం సీసపు ఛాయతో వచ్చింది. గోధుమ గీతలు నేను ఆశించినదానికన్నా బాగున్నాయి. చెంప మీది గడ్డం మొదళ్లు దగ్గరికి తెచ్చుకుని చూస్తే తప్ప కనిపించవు, ఉండవలసింది అలాగే. కట్టు మీది తెలుపు ఒక కొసన పెళుసుగా ఉంది, వేలు తగిలితే రాలుతుంది. అకిలీస్ కుడి చేతి చిటికెన వేలి గీత నేపథ్యంలో కలిసిపోయింది. రెండో పళ్లెంలో ఆ వేలు స్పష్టంగా ఉంది కనుక ప్రదర్శనకు దాన్నే ఉంచుతాను.

సెప్టెంబరు: రోకలి

తరువాతి దృశ్యంగా లూవ్ర్ మ్యూజియంలో ఉన్న బ్రైగోస్ పాత్ర బయటి వైపును తీసుకున్నాను. ట్రాయ్ నగరం పడిపోయిన రాత్రి అది. అకిలీస్ కొడుకు నియోప్టోలెమస్ ట్రాయ్ ముసలి రాజు ప్రియమ్ మీదికి వస్తున్నాడు. మరో చోట ఒక స్త్రీ రోకలి ఎత్తి సైనికుడి మీదికి దూకుతోంది, పక్కన ఆండ్రోమకీ అని ప్రియమ్ కోడలి పేరు రాసి ఉంది. నేపుల్స్‌లో ఉన్న క్లియోఫ్రడీస్ చిత్రకారుడి నీటి కుండ మీద కూడా, ప్రియమ్ మనవడి శవాన్ని ఒడిలో పెట్టుకుని బలిపీఠం మీద కూర్చున్న ఆ దృశ్యంలోనే, రోకలి పట్టిన స్త్రీ ఉంది. కవచం, డాలు ఉన్నవాడి ముందు వంటింటి సామాను పట్టుకుని నిలబడిన మనిషిని ఇద్దరు చిత్రకారులు దాదాపు ఒకే కాలంలో, క్రీ.పూ. 490-480 ప్రాంతంలో వేశారు. పర్షియన్లు ఏథెన్స్‌ను తగలబెట్టినది 480లోనే; నేపుల్స్ కుండ దానికి ముందుదా వెనుకదా అన్న చర్చ పండితులలో ఉంది.

గ్రీకు రోకలి మనదానిలా నిలువునా ఒకే లావుగా ఉండదు, చివర పొన్ను ఉండదు. రెండు కొసలూ లావుగా, పట్టుకునే నడుము సన్నగా ఉంటుంది. ఆ ఆకారం వల్ల అది ఎటు నుంచి ఎటు తిరుగుతోందో బొమ్మలో వెంటనే తెలుస్తుంది. ముసాయిదాలో నాకు ఇబ్బంది పెడుతున్నది రోకలి కాదు, ఆమె అడుగు. కాళ్లు రెండూ బట్ట మడతల కింద ఉన్నాయి, వేగమంతా ఆ మడతల కొసలు వెనక్కి ఎగరడంలోనే చూపాలి. వాటికి ఉబ్బు గీత అంతటా వాడితే బట్ట రేకులా బిగుసుకుంటుంది. పైమడతలకు నలుపు, లోపలివాటికి గోధుమ రంగు అని పెంకుల మీద విడగొట్టి చూస్తున్నాను. ఈ దృశ్యం పాత్ర వంపు మీద సాగేది కనుక పళ్లెం సరిపోదు. పైకి ఉబ్బిన పలకలు అచ్చులో వేసి నీడలో ఆరబెట్టాను. ముసురు పట్టినందువల్ల నెమ్మదిగా ఆరుతున్నాయి, అంచులు వంకర తిరగకుండా రోజూ తిరగేయవలసి వస్తోంది. తెలుపు ఈసారి చైనా క్లేలో కొద్దిగా స్లిప్పు కలిపి వేయాలి, అది ఎంతవరకు పసుపు పడుతుందో వచ్చే కాల్పులో మూడు పెంకుల మీద చూస్తాను.